గల్ఫ్ దేశాలలో వలస కార్మికుల నివాస హోదా, పౌరసత్వం (ఆర్మూరు ప్రాంతం)

గల్ఫ్ దేశాలలో వలస కార్మికుల నివాస హోదా అనగా సౌదీ అరేబియా, సంయుక్త అరబ్ ఎమిరేట్స్, కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్ దేశాలలో పని అనుమతి మీద నివసిస్తున్న విదేశీయులకు అక్కడి చట్టాలు ఇచ్చే గుర్తింపు. తెలంగాణ రాష్ట్రంలోని నిజామాబాదు జిల్లా, ముఖ్యంగా ఆర్మూరు పరిసర గ్రామాలు, దశాబ్దాలుగా ఈ దేశాలకు కార్మికులను పంపుతున్నాయి. ఇరవై ముప్పై ఏళ్ళు అక్కడే పనిచేసినప్పటికీ సాధారణ కార్మికునికి శాశ్వత నివాస హక్కు గానీ, పౌరసత్వం గానీ లభించే అవకాశం దాదాపు లేదు. ఈ వ్యాసంలో అందుకు గల కారణాలు, ఆయా దేశాల నియమాలు, ఇటీవలి మార్పులు, భారతీయ చట్టాల ప్రభావం వివరించబడినవి.

నేపథ్యం

ఆర్మూరు నిజామాబాదు జిల్లాలోని ఒక పట్టణం. 44వ, 63వ నంబరు జాతీయ రహదారులు ఇక్కడ కలుస్తాయి. పసుపు, ఎర్రజొన్న, మొక్కజొన్న ఈ ప్రాంతపు ముఖ్య పంటలు. పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తితే జనవరి తరువాత గాని తవ్వకం మొదలు కాదు. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టిన తరువాతనే నిజామాబాదు మార్కెట్ యార్డుకు తరలిస్తారు. కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీ వరకు తీసుకువెళ్ళి అమ్ముతారు. ఏడాదంతా పెట్టుబడి పెట్టి చివరలో ఒక్కసారే ఆదాయం చూసే పంట కావడం వలన, ధర పడిపోయిన ఏడాది అప్పు మిగులుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోరుతూ నిజామాబాదు స్థానం నుండి 178 మంది రైతులు పోటీ చేయడం దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది.

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో నిర్మాణ పనులు విస్తరించినప్పుడు ఉత్తర తెలంగాణ నుండి వలస ఊపందుకున్నది. ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, భీంగల్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి మండలాల నుండి, పొరుగున ఉన్న జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ప్రాంతాల నుండి పురుషులు కూలీలుగా, మేస్త్రీలుగా, డ్రైవర్లుగా, గొర్రెల కాపరులుగా, పారిశుద్ధ్య కార్మికులుగా వెళ్ళారు. వారి కుటుంబాలలోని స్త్రీలు వ్యవసాయం చూసుకుంటూ, బీడీలు చుడుతూ ఇల్లు నడిపారు. తెలంగాణ పల్లెల బ్రతుకుతెరువును "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మూడు మాటలలో చెప్పుకోవడం వాడుకలో ఉంది.

నివాస హోదా - ప్రాథమిక భావనలు

ఒక దేశంలో విదేశీయుని హోదా సాధారణంగా మూడు మెట్లుగా ఉంటుంది. మొదటిది తాత్కాలిక నివాసం. ఇది నిర్ణీత కాలానికి, నిర్ణీత ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. రెండవది శాశ్వత నివాసం. ఉద్యోగం మారినా, పోయినా ఆ దేశంలో ఉండే హక్కు దీని వలన కలుగుతుంది. మూడవది పౌరసత్వం. ఓటు హక్కు, పాస్‌పోర్టు, బహిష్కరణ నుండి రక్షణ దీనితో వస్తాయి. అమెరికా, కెనడా వంటి దేశాలలో మొదటి మెట్టు నుండి మూడవ మెట్టుకు చేరే దారి చట్టంలోనే ఉన్నది. గల్ఫ్ దేశాల విధానం ఇందుకు భిన్నం. అక్కడ వలస కార్మికుడు ఒప్పందం ముగియగానే తిరిగి వెళ్ళవలసిన వ్యక్తి అన్న భావన మీదనే చట్టాలు నిర్మించబడ్డాయి.

కఫాలా పద్ధతి

గల్ఫ్ దేశాలలో విదేశీ కార్మికుని ప్రవేశం, నివాసం ఒక స్థానిక యజమాని లేదా సంస్థ పూచీకత్తు మీద ఆధారపడి ఉండే పద్ధతిని కఫాలా అంటారు. పూచీ ఇచ్చే వ్యక్తిని కఫీల్ అంటారు. నివాస అనుమతి పత్రాన్ని సౌదీలో అఖామా అనీ, కువైట్‌లో సివిల్ ఐడీ అనీ వ్యవహరిస్తారు. యజమాని అనుమతి పత్రాన్ని పునరుద్ధరించకపోయినా, కార్మికుడు పారిపోయాడని ఫిర్యాదు చేసినా (సౌదీలో దీనిని హురూబ్ అంటారు) ఆ కార్మికుడు చట్టవిరుద్ధ నివాసి అవుతాడు. అనగా నివాస హక్కు కార్మికునిది కాదు, ఉద్యోగానిది.

గత కొన్నేళ్ళలో ఈ పద్ధతిలో కొన్ని సడలింపులు వచ్చాయి.

* ఖతార్: 2018లో ఎక్కువ మంది కార్మికులకు, 2020 జనవరిలో ఇంటిపని వారికి కూడా నిష్క్రమణ అనుమతి అవసరం తొలగించబడింది. 2020లో యజమాని నిరభ్యంతర పత్రం లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించబడింది. 2021 మార్చి 20 నుండి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలులోకి వచ్చింది. యజమాని వసతి, భోజనం కల్పించని పక్షంలో వసతికి 500, భోజనానికి 300 రియాళ్ళు అదనంగా చెల్లించాలి.
* ఒమన్: 2021 జనవరి 1 నుండి ఒప్పందం ముగిసిన కార్మికుడు నిరభ్యంతర పత్రం లేకుండా మరో యజమాని వద్ద చేరవచ్చు.
* సౌదీ అరేబియా: 2021 మార్చి 14 నుండి ప్రైవేటు రంగ కార్మికులకు ఉద్యోగం మారే వీలు, యజమాని అనుమతి లేకుండా దేశం విడిచే వీలు కలిగాయి. అయితే ఇంటిపనివారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు, వ్యవసాయ కూలీలు ఈ సంస్కరణ పరిధిలోకి రాలేదు.
* బహ్రెయిన్: యజమాని లేకుండా స్వయంగా అనుమతి పొందే ఫ్లెక్సీ పర్మిట్ 2017లో ప్రవేశపెట్టబడి, 2022లో రద్దయింది.

ఈ సంస్కరణలలో ఎక్కువ భాగం యజమానిని మార్చుకోవడానికి, దేశం విడవడానికి, వేతనానికి సంబంధించినవి. యజమాని లేకుండా ఆ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే హక్కును ఇవి కల్పించలేదు.

పౌరసత్వ చట్టాలు

గల్ఫ్ దేశాలలో పౌరసత్వం ప్రధానంగా తండ్రి ద్వారా సంక్రమిస్తుంది. అక్కడ పుట్టినంత మాత్రాన విదేశీయుల పిల్లలకు పౌరసత్వం రాదు. దీర్ఘకాలం నివసించినవారికి పౌరసత్వం ఇచ్చే నిబంధనలు కాగితం మీద ఉన్నప్పటికీ షరతులు కఠినమైనవి.

* సంయుక్త అరబ్ ఎమిరేట్స్: 1972 నాటి 17వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం అరబ్బులు కానివారికి 30 ఏళ్ళ నివాసం, అరబిక్ భాషా పరిజ్ఞానం అవసరం. 2021 జనవరిలో చేసిన సవరణ ద్వారా పెట్టుబడిదారులు, వైద్యులు, శాస్త్రవేత్తలు, ఆవిష్కర్తలు, కళాకారులు మొదలైనవారికి పౌరసత్వం ఇచ్చే వీలు కల్పించబడింది. ఇందుకు స్వయంగా దరఖాస్తు చేసుకొనే అవకాశం లేదు, పాలక కుటుంబాలు లేదా ప్రభుత్వం ప్రతిపాదించాలి.
* ఖతార్: 2005 నాటి 38వ నంబరు చట్టం ప్రకారం 25 ఏళ్ళ నిరంతర నివాసం, అరబిక్ పరిజ్ఞానం అవసరం. ఏడాదికి 50 మందికి మించి ఈ విధంగా పౌరసత్వం ఇవ్వరాదన్న పరిమితి కూడా ఉంది.
* కువైట్: 1959 నాటి చట్టం అరబ్బులు కానివారికి 20 ఏళ్ళ నివాసాన్ని నిర్దేశించింది. 1982 సవరణ తరువాత ముస్లిములకు మాత్రమే ఈ మార్గం పరిమితమైంది.
* బహ్రెయిన్: 1963 చట్టం ప్రకారం అరబ్బులు కానివారికి 25 ఏళ్ళ నివాసం, అరబిక్ పరిజ్ఞానం, స్థిరాస్తి అవసరం.
* ఒమన్: 2025లో వచ్చిన కొత్త జాతీయత చట్టం ప్రకారం 15 ఏళ్ళ నిరంతర నివాసం అవసరం. ఏడాదికి 90 రోజులకు మించి దేశం వెలుపల ఉండరాదు.
* సౌదీ అరేబియా: పదేళ్ళ నివాసం ఉన్నవారి దరఖాస్తులను వృత్తి, విద్య, బంధుత్వాల ఆధారంగా పాయింట్ల పద్ధతిలో పరిశీలిస్తారు.

ఈ షరతులు నెరవేరినంత మాత్రాన పౌరసత్వం హక్కుగా రాదు. తుది నిర్ణయం ప్రభుత్వ విచక్షణకు లోబడి ఉంటుంది. రెండేళ్ళకోసారి అనుమతి పునరుద్ధరించుకుంటూ, ఒప్పందాల మధ్య ఇంటికి వచ్చి కొత్త వీసా మీద తిరిగి వెళ్ళే కార్మికునికి "నిరంతర నివాసం" అన్న షరతును నెరవేర్చడమే కష్టం.

దీర్ఘకాల నివాస వీసాలు

2018 తరువాత కొన్ని దేశాలు దీర్ఘకాల నివాసానికి కొత్త మార్గాలు తెరిచాయి.

ఖతార్ 2018 నాటి 10వ నంబరు చట్టం ద్వారా శాశ్వత నివాస కార్డును ప్రవేశపెట్టింది. ఖతార్ వెలుపల పుట్టినవారికి 20 ఏళ్ళు, అక్కడే పుట్టినవారికి 10 ఏళ్ళ నివాసం అవసరం. ఏడాదికి ఇచ్చే కార్డుల సంఖ్య 100కు పరిమితం చేయబడింది. సౌదీ అరేబియా 2019లో ప్రీమియం నివాస పథకాన్ని ప్రకటించింది. ఇందులో శాశ్వత నివాసానికి 8 లక్షల రియాళ్ళు, ఏడాది నివాసానికి లక్ష రియాళ్ళు రుసుముగా నిర్ణయించింది. 2024లో నిపుణులు, పెట్టుబడిదారులు, స్థిరాస్తి యజమానుల కోసం మరికొన్ని విభాగాలు చేర్చింది. సంయుక్త అరబ్ ఎమిరేట్స్ 2019లో గోల్డెన్ వీసాను, 2022లో ఐదేళ్ళ గ్రీన్ వీసాను ప్రవేశపెట్టింది. పదేళ్ళ గోల్డెన్ వీసాకు నిపుణుల విభాగంలో నెలకు 30,000 దిర్హాముల జీతం, గ్రీన్ వీసాకు 15,000 దిర్హాముల జీతం ప్రమాణంగా పెట్టారు. బహ్రెయిన్ 2022లో పదేళ్ళ గోల్డెన్ రెసిడెన్సీని ప్రారంభించింది. దీనికి ఉద్యోగి సగటు జీతం నెలకు 2,000 దినార్లు ఉండాలి.

ఈ అంకెలను కార్మికుని సంపాదనతో పోల్చినపుడు తేడా స్పష్టమవుతుంది. ఖతార్ కనీస వేతనం నెలకు 1,000 రియాళ్ళు. ఆ స్థాయి జీతం మీద సౌదీ ప్రీమియం నివాస రుసుమంతటి మొత్తాన్ని సంపాదించాలంటే, ఒక్క రియాలు ఖర్చు చేయకుండా అరవై ఏళ్ళకు పైగా పనిచేయాలి. కాబట్టి కొత్త వీసాలు వైద్యులకు, ఇంజనీర్లకు, వ్యాపారులకు ఉపయోగపడినవే గాని కార్మిక శిబిరాలలో ఉండేవారికి కాదు.

కుటుంబం

కుటుంబాన్ని తీసుకువెళ్ళడానికి కూడా జీతం షరతు ఉంటుంది. సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌లో నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000 దిర్హాములు ఉండాలని 2019లో నిర్ణయించారు. సౌదీలో విదేశీయులపై ఆధారపడిన కుటుంబ సభ్యులకు 2017 జూలై నుండి తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలై, ఏటా పెరుగుతూ 2020 నాటికి 400 రియాళ్ళకు చేరింది. ఈ భారం వలన అనేక భారతీయ కుటుంబాలు స్వదేశానికి తిరిగి వచ్చాయి.

అక్కడ పుట్టిన భారతీయుల పిల్లలు భారతీయ పౌరులుగానే ఉంటారు. అయితే 2004 డిసెంబరు 3 తరువాత విదేశంలో పుట్టిన శిశువు జననాన్ని ఏడాదిలోగా భారతీయ రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. ఆలస్యమైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలసి వస్తుంది.

హోదా కోల్పోయినవారు

అనుమతి పత్రం గడువు తీరిపోయి, లేదా యజమాని వద్ద నుండి వెళ్ళిపోయి, రహస్యంగా పనిచేసేవారిని ఉత్తర తెలంగాణలో "ఖల్లివెల్లి" కార్మికులు అంటారు. విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరినవారు, "ఆజాద్ వీసా" పేరుతో డబ్బు కట్టి వెళ్ళినవారు ఈ స్థితికి లోనయ్యే ప్రమాదం ఎక్కువ. ఆజాద్ వీసా అనే వర్గం ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ లేదు. ఒక కఫీల్ పేరున వీసా తీసి, మరొకచోట పనిచేసుకోనిచ్చే అనధికార ఏర్పాటుకే ఆ పేరు. పట్టుబడితే నేరం కార్మికుని మీదనే పడుతుంది.

ఇలాంటివారు బయటపడటానికి ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ముఖ్యమైన మార్గం. సంయుక్త అరబ్ ఎమిరేట్స్ 1996, 2003, 2007, 2012-13, 2018, 2024 సంవత్సరాలలో క్షమాభిక్ష ప్రకటించింది. 2024 సెప్టెంబరు 1న మొదలైన గడువు డిసెంబరు 31 వరకు పొడిగించబడింది. ఆ గడువులో జరిమానా లేకుండా దేశం విడవడం, లేదా కొత్త ఉద్యోగం చూసుకొని హోదాను సరిచేసుకోవడం రెండూ సాధ్యమయ్యాయి. సౌదీ 2013లో, కువైట్ 2018, 2020, 2024లలో ఇటువంటి అవకాశాన్ని ఇచ్చాయి. పాస్‌పోర్టు లేనివారికి రాయబార కార్యాలయం ఒక్క ప్రయాణానికి చెల్లే అత్యవసర పత్రం ఇస్తుంది. దీనిని కార్మికులు అవుట్‌పాస్ అంటారు. క్షమాభిక్ష శాశ్వత నివాసానికి దారి కాదు.

భారతీయ చట్టాలు

* వలసల చట్టం, 1983: పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు మొదలైన వర్గాలవారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళడానికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. ఇందుకు సంబంధించిన కార్యాలయం హైదరాబాదులో ఉంది. 2014లో ప్రారంభమైన ఈ-మైగ్రేట్ వ్యవస్థలో ఏజెంటు లైసెన్సును, ఒప్పందాన్ని సరిచూసుకోవచ్చు.
* ప్రవాసీ భారతీయ బీమా యోజన: అనుమతి పొందినవారికి ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం. విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరినవారికి ఇది వర్తించదు.
* పౌరసత్వం: భారత రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ విభాగం ప్రకారం స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు భారతీయ పౌరసత్వం కోల్పోతారు. వారు ఓసీఐ కార్డు పొందవచ్చు గాని, దానితో ఓటు హక్కు రాదు.
* వ్యవసాయ భూమి: విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (1999) కింద గల నియమాల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమి కొనరాదు. వారసత్వంగా వచ్చిన భూమిని ఉంచుకోవచ్చు. దుబాయి సంపాదనతో పసుపు చేను కొనదలచిన కార్మికుడు తెలుసుకోవలసిన నియమమిది.
* ఓటు హక్కు: 2010 సవరణ ద్వారా ప్రవాస భారతీయులు ఫారం 6ఏ తో తమ స్వస్థలంలో ఓటరుగా నమోదు కావచ్చు. కాని స్వయంగా వచ్చి ఓటు వేయాలి. ఈ కారణంగా గల్ఫ్ కార్మికుడు పనిచేసే చోట ఓటు లేనివాడై, సొంత ఊరిలో ఓటు ఉన్నా వేయలేనివాడై ఉంటున్నాడు.

భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికుల కనీస సిఫారసు వేతనాలను 30 నుండి 50 శాతం వరకు తగ్గించింది. దీనిపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2021లో పాత వేతనాలు పునరుద్ధరించబడినవి.

పాత వలసలతో పోలిక

తెలుగువారి పాత వలసల చరిత్ర ఇందుకు భిన్నం. పంతొమ్మిదవ శతాబ్దంలోను, ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలోను మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ దేశాలకు ఒప్పంద కూలీలుగా, మలయాకు తోట కూలీలుగా వెళ్ళినవారి సంతతి నేడు ఆయా దేశాల పౌరులు. బర్మా అనుభవం వేరు. 1948 తరువాత అక్కడి భారతీయులలో అనేకులు ఆ దేశ పౌరసత్వం పొందలేదు. 1962 సైనిక తిరుగుబాటు తరువాత వ్యాపారాల జాతీయీకరణతో లక్షలాది భారతీయులు తిరిగి రావలసి వచ్చింది. కోస్తాంధ్ర పట్టణాలలో నేటికీ కనిపించే బర్మా కాలనీలు ఆ చరిత్రకు గుర్తులు. ఎంతకాలం ఉన్నా కాగితం మీద హోదా లేకపోతే నివాసం నిలవదని ఆ ఉదంతం తెలుపుతున్నది.

ఇతర దేశాలతో పోలిక

నేడు తెలంగాణ నుండి వలస వెళ్ళేవారికి దేశాన్ని బట్టి, నైపుణ్యాన్ని బట్టి దారులు వేరుగా ఉన్నాయి. అమెరికాలో హెచ్-1బీ వీసా సాధారణ పరిమితి ఆరేళ్ళు. యజమాని ద్వారా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయవచ్చు గాని, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వలన భారతీయులు చాలా ఏళ్ళు వేచి ఉండాలి. గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళకు పౌరసత్వానికి అర్హత వస్తుంది. కెనడాలో శాశ్వత నివాసి ఐదేళ్ళలో 1,095 రోజులు నివసిస్తే పౌరసత్వం కోరవచ్చు. జర్మనీ 2024లో ఈ గడువును ఐదేళ్ళకు తగ్గించింది. సింగపూరులో వర్క్ పర్మిట్ మీద ఉన్న కార్మికులు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయలేరు, ఎస్ పాస్, ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఉన్నవారు చేయవచ్చు. ఇజ్రాయెల్‌లో విదేశీ కార్మికుల సాధారణ గరిష్ఠ కాలం 63 నెలలు, వృద్ధుల సేవకులకు కొన్ని మినహాయింపులున్నాయి. ఒకే గ్రామం నుండి వెళ్ళిన ఇంజనీరు, మేస్త్రీల భవిష్యత్తు వేరు కావడానికి సంపాదనతో పాటు ఈ చట్టపరమైన తేడా కూడా కారణమే.

పదవీ విరమణ, తిరుగు ప్రయాణం

శాశ్వత నివాసం లేనందున గల్ఫ్ కార్మికుడు పని చేయలేని వయసు వచ్చినపుడు తిరిగి రావలసిందే. అక్కడి స్థానికులకు వర్తించే పింఛను విదేశీ కార్మికులకు లేదు. దానికి బదులు ఉద్యోగం ముగింపు గ్రాట్యుటీ ఉంటుంది. సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌లో మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపై ప్రతి ఏడాదికి 30 రోజుల మూలవేతనం చెల్లించాలి. మొత్తం రెండేళ్ళ జీతానికి మించరాదు. ఉదాహరణకు 1,000 దిర్హాముల మూలవేతనంతో ఒకే సంస్థలో 20 ఏళ్ళు పనిచేసిన వ్యక్తికి 555 రోజుల వేతనం, అనగా 18,500 దిర్హాములు వస్తాయి. ఇరవై ఏళ్ళ శ్రమకు చట్టప్రకారం చేతికి వచ్చే ముగింపు మొత్తం ఇదే. యజమాని మారినా, ఖల్లివెల్లి అయినా ఈ లెక్క తగ్గిపోవచ్చు లేదా పూర్తిగా పోవచ్చు. అందుచేత ఒప్పంద పత్రం, జీతపు రసీదులు, బ్యాంకు వివరాల నకళ్ళు ఇంటి వద్ద భద్రపరచుకోవడం అవసరం.

ఆపదలో ఉన్నవారికి సాయంగా 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ద్వారా రాయబార కార్యాలయాలు తాత్కాలిక వసతి, విమాన టికెట్లు, మృతదేహాల తరలింపు వంటి ఖర్చులు భరిస్తాయి. ఫిర్యాదుల కోసం 2015లో మదద్ వెబ్‌సైటు ప్రారంభమైంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలకు నేరుగా ఎంపికలు నిర్వహిస్తుంది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం అందించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులు జారీ చేసింది.

సాధారణ అపోహలు

* పదేళ్ళు పనిచేస్తే పౌరసత్వం వస్తుందనేది నిజం కాదు. ఏ గల్ఫ్ దేశంలోనూ అటువంటి హక్కు లేదు.
* గోల్డెన్ వీసా పౌరసత్వం కాదు. అది గడువు ఉన్న నివాస అనుమతి మాత్రమే.
* పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాదు. సౌదీ, ఎమిరేట్స్, ఖతార్ చట్టాలు దీనిని నిషేధిస్తున్నాయి.
* ఎమిరేట్స్ సాధారణ నివాస వీసా ఉన్నవారు ఆరు నెలలకు మించి దేశం వెలుపల ఉంటే సాధారణంగా ఆ వీసా చెల్లకుండా పోతుంది. పసుపు తవ్వకాలకో, ఇంట్లో పెళ్ళికో వచ్చి ఎక్కువకాలం ఉండిపోయేవారు ఈ గడువును గమనించాలి.

ఇవి కూడా చూడండి

* ఆర్మూరు
* నిజామాబాదు జిల్లా
* పసుపు
* ప్రవాస భారతీయులు
* భారత పౌరసత్వం